ఆర్ లోయ ఎఱ్ఱ ద్రాక్షాసవము - దానిని పండించు రైతుల సంఘము

మన సహకార సంఘముల పుట్టుపూర్వోత్తరములు విచారించినచో ఆ త్రోవ మద్రాసు మీదుగా జర్మనీ దేశపు రైను నదీతీరమునకు పోవును. 1892లో మద్రాసు ప్రభుత్వమువారు ఫ్రెడరిక్ నికల్సన్ అను ఉద్యోగిని, ఐరోపాలో రైతులకు ఋణమిచ్చు సంఘములు ఎట్లు నడచుచున్నవో విచారించి చెప్పుటకు నియోగించిరి. ఆయన 1895, 1897 సంవత్సరములలో రెండు సంపుటముల నివేదిక నొసగెను. ఆ మహాగ్రంథసారమంతయు "రైఫైజనును వెదకుడు" అను రెండు మాటలలో ఇమిడియున్నదని సహకారోద్యమమువారు నేటికిని చెప్పుకొందురు. తరువాత 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది. తెనాలి, బాపట్ల, రేపల్లె గ్రామములలో వెలసిన పాత పరపతి సంఘములన్నియు ఆ చట్టపు సంతతియే.

రైఫైజన్ (1818-1888) రైను ప్రాంతమున గ్రామపాలకుడుగా నుండినవాడు. 1846-47 కరవులో ధాన్యము తెప్పించి పేదలకు రొట్టె లందించుటకు సంఘము కూర్చినవాడు. 1864లో హెడ్డెస్‌డోర్ఫ్ అను నూర రైతులకు అప్పులిచ్చు సంఘమును నెలకొల్పెను. ఆ యూరికి సుమారు ఇరువది మైళ్ల దూరమున, రైను నదికి ఆవలి ప్రక్కన, ఆర్ అను చిన్న యేటి లోయ యున్నది. ఆ లోయలోని మైషోస్ అను పల్లెలో 1868 డిసెంబరులో పదునెనిమిది మంది ద్రాక్షరైతులు చేరి యొక సంఘము పెట్టుకొనిరి. అది అప్పుల సంఘము కాదు. పండిన పంటను కలిపి పిండి, కలిపి నిలువచేసి, కలిపి అమ్ముకొను సంఘము. నేటికిని నడచుచున్న ద్రాక్షరైతుల సహకార సంఘములలో లోకమున అన్నిటికంటె పురాతనమైనదిగా దానిని ఎన్నుచున్నారు. నూటయేబది యేండ్లు దాటిన సహకార సంఘము ఎచట నున్నను దాని సంగతి తెలిసికొనుట మనవంటి సభ్యులకు అవసరమే. అందువలన ఈ మాసమున ఆ లోయ సంగతిని, అచటి ఎఱ్ఱని ఆసవపు సంగతిని వ్రాయుచున్నాము.

ఒక్క మాట ముందుగా చెప్పవలసియున్నది. ఇది త్రాగుడును ప్రోత్సహించు వ్రాత కాదు. త్రాగుడువలన చెడిన కాపురములు మన యూళ్లలో ఎన్ని గలవో చదువరులకు తెలియును. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేవదీసిన సారావ్యతిరేకోద్యమమును, 1995 జనవరిలో వచ్చి 1997లో సడలింపబడిన సంపూర్ణ మద్యనిషేధమును మఱచినవారు లేరు. అయినను ద్రాక్ష యొక పంట, ఆసవము ఆ పంటనుండి వచ్చు సరకు. రైతు తన పంటను ఏ రూపమున ఎవరికి అమ్మినచో వానికి గిట్టును అను ప్రశ్న, పొగాకు పండించువానికైనను పసుపు పండించువానికైనను ఒక్కటే.

ఆర్ నది ఐఫెల్ అను కొండసీమలో బ్లాంకెన్‌హైమ్ అను నూర పుట్టి, బాన్ నగరమునకు దక్షిణముగా రైనులో కలియును. మొత్తము నిడివి ఏబదియైదు మైళ్లు మాత్రమే. మన కృష్ణతో పోల్చినచో అది పిల్లకాలువ. ద్రాక్షతోటలు ఆల్టెనార్ మొదలుకొని క్రిందికి పదునైదు, పదునాఱు మైళ్ల పొడవున నున్నవి. తోటల విస్తీర్ణమంతయు కలిపినను సుమారు పదునాలుగువందల ఎకరములే. మన డెల్టాలో ఒక పెద్ద కాలువ క్రింది రెండు మూడు గ్రామముల ఆయకట్టు అంతకంటె తక్కువ యుండదు.

బాపట్ల భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు 16 అక్షాంశముల మీద నున్నది. ఆర్ లోయ 50వ అక్షాంశమునకు పైన నున్నది. ద్రాక్ష పండు సీమలలో అది ఉత్తరపు కొసకు చేరువ. అంత చలిదేశమున నల్లద్రాక్ష ముదురుట కష్టము. జర్మనీయందు పండు ఆసవములో మూడింట రెండువంతులు తెల్లనిదే యగుటకు కారణ మిదియే. తెల్లద్రాక్ష తక్కువ యెండతో సరిపెట్టుకొనును. అట్టి దేశమున ఆర్ లోయలో మాత్రము సుమారు అయిదింట నాలుగువంతులు ఎఱ్ఱని రకములే యుండుట వింత. ఆ వింతకు మూలము ఱాయి. లోయ యెగువభాగమున కొండలన్నియు నల్లని పలకఱాతితో నిండినవి. మనము బడిలో వ్రాసికొను పలక ఎట్టిదో ఆ ఱాయియు అట్టిదే. ఆ పలకలు పగటి యెండను పీల్చి దాచుకొని రాత్రివేళ తీగలకు మెల్లగా విడుచును. వేసవి రాత్రి మన డాబామీద పండుకొన్నవారికి ఈ సంగతి వేఱుగా చెప్పనక్కరలేదు. లోయ యిరుకైనది, కొండలు చల్లగాలిని అడ్డుకొనును, తోటలు దక్షిణముఖముగా నున్నవి. ఇన్ని కలిసివచ్చుటచేత అచట నల్లద్రాక్ష పండుచున్నది. దిగువకు పోనుపోను లోయ విశాలమై, పలకఱాతి స్థానమున మెత్తని ఒండ్రువంటి నేల వచ్చును. అచటి ఆసవము వేఱొక రుచిగా నుండునని ఎఱిగినవారు చెప్పుదురు.

ఇంత చెప్పినచో సొంపుగా నున్నది గాని, ఆ కొండమీద సేద్యము చేయుట సులభము కాదు. ఏటవాలు ఎక్కువ. ట్రాక్టరు నిలువదు. ఱాతిగోడలు కట్టి మెట్లుమెట్లుగా మడులు తీర్చుకొన్నారు. ఆ గోడలకు సున్నము గాని సిమెంటు గాని లేదు. ఱాతిపై ఱాయి పేర్చుటయే. వాన కొట్టినప్పుడెల్ల కూలిన చోట తిరిగి పేర్చవలెను. తీగలు కత్తిరించుట, కట్టుట, ఆకు గిల్లుట, గుత్తులు కోయుట అంతయు చేతిపనియే. కోసిన ద్రాక్షను వీపుమీద తొట్లతో మోసి దింపుచుండెడివారు. నేడు కొన్నిచోట్ల ఒంటిపట్టాపై నడచు చిన్న బండ్లు వచ్చినవి. చదునునేలలో యంత్రముతో చేయు సేద్యమునకంటె ఇచట ఎకరమునకు పట్టు పనిగంటలు అనేక రెట్లు.

వారు ముఖ్యముగా పండించు రకమునకు ష్పేట్‌బుర్గుండర్ అని పేరు. ష్పేట్ అనగా ఆలస్యము, బుర్గుండర్ అనగా ఫ్రాన్సులోని బుర్గుండీ సీమనుండి వచ్చినది. అనగా "ఆలస్యముగా పండు బుర్గుండీ రకము" అని యర్థము. ఫ్రెంచివారు దీనినే పినో నోయిర్ అందురు. లోయ విస్తీర్ణములో మూడింట రెండువంతులు ఇదియే. దీనికి ఫ్రూబుర్గుండర్ అను తోబుట్టువు గలదు. అది ఆ రకమునుండియే తనంతట తాను మాఱి పుట్టినది, ముందుగా పండును. కాయ చిన్నది, దిగుబడి తక్కువ, అయినను రుచి మెండు. పాత వడ్లరకములను మనవారిలో కొందఱు విడువనట్లే వారును దానిని విడువలేదు. పంతొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున అమెరికానుండి వేరుపురుగు వచ్చి ఐరోపా ద్రాక్షతోటలను నాశనము చేసినది. అప్పటినుండి తెగులుకు లొంగని అమెరికా జాతి వేళ్లపై తమ రకములను అంటుకట్టి నాటుచున్నారు. అంటుమామిడి ఎఱిగిన రైతునకు ఆ పని క్రొత్త కాదు.

ఈ ష్పేట్‌బుర్గుండర్ సున్నితమైన జాతి. తోలు పలుచన, గుత్తి బిగువు. కోతవేళ వాన పడెనా కుళ్లు పట్టును. చలి మిగిలిన వసంతమున మంచు కురిసెనా చిగురు మాడును. దిగుబడికి ఆశపడి గుత్తులన్నియు ఉంచినచో రసము నీరుగా నుండును. అందువలన మంచి రైతు వేసవిలోనే కొన్ని పచ్చిగుత్తులను కోసి నేలపాలు చేయును. చేతికి రావలసిన పంటను చేజేతుల పారవేయుట మనకు కనులార చూడరాని పని. కాని అచట ధర తూకముమీద మాత్రమే కాక తీపిమీద కూడ నిర్ణయమగును గనుక ఆ లెక్క వేఱు. ఆ లెక్కను ముందు విశదముగా చెప్పెదము.

కోత సాధారణముగా సెప్టెంబరు, అక్టోబరు మాసములలో జరుగును. నల్లద్రాక్షలోపలి రసము నల్లనిది కాదు, దాదాపు తెల్లనిదే. రంగంతయు తోలులో నున్నది. కావున ఎఱ్ఱని ఆసవము కావలెనన్న కాయలను చిదిపి తోలుతో గింజతో సహా తొట్లలో నూరబెట్టవలెను. రసములోని చక్కెరను సూక్ష్మమైన పులుపుజీవులు తిని సారముగాను, బొగ్గుపులుసు గాలిగాను మార్చును. ఆ గాలి తోలునంతటిని పైకి తేల్చి మందపాటి మీగడవలె కట్టించును. దినమునకు రెండు మూడు మాఱులు దానిని క్రిందికి అణచుచుండవలెను, లేకున్న పైన పులిసి పాడగును. వారము మొదలు రెండు మూడు వారములలో రసము ఎఱ్ఱబడి తీపి చచ్చును. అప్పుడు పిండి, ఓకు కఱ్ఱ పీపాలలో నింపి నెలల తరబడి, మేలైనదానిని ఏడాదికి మించియు, నేలమాళిగలలో నుంతురు. నూటికి పండ్రెండు మొదలు పదునాలుగు పాళ్లు సారముండును.

మన తాటికల్లును ఎఱిగినవారికి ఈ పని పోలిక తెలియును. బాపట్ల ఇసుకనేలలలో తాడి యెక్కువ. తెల్లవారుజామున దింపిన కల్లు మధ్యాహ్నమునకు పొంగును, మఱునాటికి పుల్లబారును. లొట్టిలో సున్నము పూసినగాని తీపినీరు తీపినీరుగా నిలువదు, దానిని కాచినగాని బెల్లము కాదు. కల్లు అమ్మువానికి నాటి బేరము నాడే తీఱవలెను. రేపటికి దాచుట లేదు గనుక అడిగిన ధరకు ఇచ్చి తీఱవలెను. ద్రాక్షాసవము అట్లుకాదు. దానిలోని పులుపు, సారము, తోలునుండి దిగిన వగరు కలిసి దానిని ఏండ్ల తరబడి నిలుపును. నిలువయుండు సరకు చేతిలో నున్నవాడు బేరమునకు కూర్చుండగలడు. ఇది కూడ జ్ఞాపకముంచుకొనవలెను.

ఇక భోజనపు మాట. ఏ సీమ పానీయమైనను ఆ సీమ వంటతోనే ఒద్దికగా నుండును. మనకు ముద్దపప్పు ఆవకాయ, గారెలు కోడికూర, ఉలవచారు మీగడ ఎట్లు జతపడినవో ఆ లోయవారికిని అట్టి జతలు గలవు. రైను ప్రాంతమున జవర్‌బ్రాటన్ అను మాంసపు వంట ప్రసిద్ధము. మాంసమును కొన్నిదినములు ద్రాక్షకాడిలో, అనగా పులిసిన ద్రాక్షనీటిలో, సంబారములతో నానవేసి మెల్లగా ఉడికింతురు. చారులో ఎండుద్రాక్ష వేసి తియ్యపులుపు చేయుదురు. ఐఫెల్ అడవులలోని జింక, అడవిపంది మాంసము, వాననాటి పుట్టగొడుగులు, బాతు, పాత జున్ను - ఇవి ఈ ఆసవమునకు చెలికాండ్రని అచటివారి అనుభవము. నవంబరులో సెయింటు మార్టిను పండుగవేళ ఉర్లగడ్డలు తురిమి ఇనుపపాత్రలో కాల్చు దిబ్బరొట్టెవంటి వంటకము నొకటి చేయుదురు, దానికి ఆపిలు పండ్ల గుజ్జు నంజుకొందురు. పేదల యిండ్ల వంటయైనను ఇప్పుడు పూటకూటి యిండ్లలో గౌరవముగా వడ్డించుచున్నారు.

ఈ జతలకు కారణము లేకపోలేదు. ఎఱ్ఱని ఆసవములోని వగరు మాంసపు కొవ్వుతోను జున్నుతోను కలిసినప్పుడు మెత్తబడును, కొవ్వు వెగటును కోసివేయును. జిడ్డు తిన్న తరువాత మనము వక్క నమలుటయు కొంత ఇట్టిదే. ష్పేట్‌బుర్గుండర్‌లో వగరు స్వల్పము, పులుపు కొంచెము హెచ్చు, చెఱ్ఱి వంటి పండ్ల వాసన. అందుచేత తేలికపాటి మాంసమునకును, పుట్టగొడుగులకును అది యొదుగును. కొంచెము చల్లగా, పదునాలుగు మొదలు పదునెనిమిది డిగ్రీలలో వడ్డించుట అచటి యాచారము. మన వేసవిలో ఇంట నుంచినచో అది వేడినీటితో సమానమగును. మన వంటకు మాత్రము ఇది అంతగా పొసగదు. గుంటూరు మిరపకారము నోటనుండగా సారముగల పానీయము దేనిని త్రాగినను మంట పెరుగునే గాని తగ్గదు. గోంగూర, చింతపండు పులుసుల ముందు దాని సున్నితపు పులుపు చప్పబడిపోవును. నిజాంపట్నపు రొయ్యల యిగురుకు మజ్జిగయే మేలని నా యభిప్రాయము.

ఆ లోయలోనే మఱియొక పానీయపు కథ గలదు. 1852లో జార్జి క్రొయిట్స్‌బెర్గ్ అను తోటయజమాని తన ద్రాక్షతోటలో తీగలు బాగుగా పెరుగని చోట త్రవ్వి చూడగా బొగ్గుపులుసు గాలితో బుసబుసలాడు ఊట బయటపడినది. తీగను చంపిన ఆ ఊటయే తరువాత అపొలినారిస్ అను పేర సీసాలకెక్కి దేశదేశములకు పోయినది.

ఇక సంఘపు మాటకు వత్తము. పంతొమ్మిదవ శతాబ్ది తొలిభాగమున ఆర్ లోయ ప్రష్యా రాజ్యములో చేరినది. ఆ రాజ్యమున ద్రాక్ష పండు సీమలు తక్కువ గనుక కొంతకాలము మంచి గిరాకి యుండెను. 1834లో జర్మను సంస్థానములు సుంకముల యేకీకరణము చేసికొనగా దక్షిణపు ఆసవములు సుంకము లేక వచ్చి పడినవి. ధర పడిపోయెను. దానికి తోడు ఫ్రెంచివారి పాలనకాలమున అమలులోనికి వచ్చిన చట్టము చొప్పున ఆస్తి బిడ్డలందఱికి సమభాగములుగా పంచబడుచుండుటచేత మడులు గుడ్డపేలికలవలె చీలిపోయినవి. అన్నదమ్ముల పంపకములు ఎఱిగిన మన రైతులకు ఆ అవస్థ యెట్టిదో తెలియును. ఒక్కొక్కని చేతిలో నాలుగు కొండలపై నాలుగు ముక్కలు. పీపాలు లేవు, నేలమాళిగ లేదు, పిండు యంత్రము లేదు, మదుపు లేదు. ద్రాక్ష కోసిన దినముననే అమ్మవలెను. కోసిన ద్రాక్ష కల్లువంటిదే, నిలువదు. ఈ సంగతి వర్తకునకు బాగుగా తెలియును. అతడు ఒకదినము ఆలసించి వచ్చినచో చాలును, ధర దానంతట అదే దిగును. చాలమంది విసిగి అమెరికాకు వలసపోయిరి.

మిగిలినవారిలో పదునెనిమిది మంది కలిసి చేసిన పని చెప్పుటకు చిన్నది. ద్రాక్షను అమ్ముట మానివేసి ఆసవమునే అమ్ముటకు నిశ్చయించుకొనిరి. విడివిడిగా ఏ యొక్కనికిని పిండు యంత్రము కొను శక్తి లేదు, అందఱికిని కలిపి ఒకటి చాలును. విడివిడిగా ఎవరి ఆసవమునకును పేరు లేదు, ఊరి పేరు మీద పీపా పంపినచో కొనువాడు మఱుసటియేడు ఆ పేరునే అడుగును. సంఘము పెరిగినది. చుట్టుప్రక్కల ఊళ్లలో అట్టివి మఱికొన్ని పుట్టినవి. తరువాత కొన్ని యొండొంటిలో కలిసిపోయినవి. 1982లో ఆల్టెనార్ సంఘము మైషోసుతో ఏకమయ్యెను.

అట్టి సంఘములకు రెండు కట్టుబాట్లు ప్రాణము. జర్మనీ ద్రాక్షరైతుల సంఘములలో ఇవి సామాన్యముగా నున్నవి. మొదటిది, సభ్యుడు తన ద్రాక్ష యావత్తును సంఘమునకే తేవలెను. బయట వర్తకుడు రూపాయి ఎక్కువ చెప్పినప్పుడు మంచిపండు అతనికిచ్చి, మిగిలిన తాలును సంఘమునకు తోలుట కూడదు. మన సంఘములలో ఎన్ని ఈ రంధ్రముననే మునిగినవో వయసుమీరిన సభ్యులు చెప్పగలరు. ధర తక్కువగా నున్నయేడు అందఱు సంఘమును ఆశ్రయింతురు, ధర పెరిగినయేడు గిడ్డంగి ఖాళీ. అట్టి సంఘమును ఏ బ్యాంకు నమ్మును? ఆ సీమలో కట్టుబాటు మీఱినవానికి సభ్యత్వమే పోవు ప్రమాదము గలదు. ఇది కఠినముగా తోచవచ్చును గాని, కఠినముగా లేని చోట ఏమైనదో చూచితిమి గదా.

రెండవది, తీపిని కొలిచి ధర కట్టుట. ఫెర్డినాండ్ ఎక్స్‌లె (1774-1852) అను జర్మను కంసాలి రసపు సాంద్రతను కొలుచు కొలమానమును వాడుకలోనికి తెచ్చెను. లీటరు నీరు వేయి గ్రాములు తూగును. లీటరు ద్రాక్షరసము 1,090 గ్రాములు తూగినచో దానిని తొంబది ఎక్స్‌లె అందురు. ఎక్కువ తూగినచో చక్కెర యెక్కువ. సంఘపు వాకిట ప్రతివాని బుట్టను తూచి, రసపుచుక్క తీసి, అంకె వ్రాసికొందురు. నీరువంటి రసము తెచ్చినవానికి తక్కువ, ముదిరిన పండు తెచ్చినవానికి ఎక్కువ. పాలకేంద్రమున వెన్నశాతము కొలుచుటకు అలవాటుపడిన మన పాడిరైతులకు ఇందు విస్మయము లేదు. పచ్చిగుత్తులను కోసి పారవేసినవాడు నష్టపోని కారణము ఇదియే. అయితే పైకము ఒక్కమాఱు చేతికి రాదు. కోతనాడు కొంత, సరకు అమ్ముడైనకొలది వాయిదాలుగా కొంత వచ్చును. ఈ నిరీక్షణకు తాళలేనివాడే వర్తకుని వాకిట నిలుచును. కనుక అమ్మకపు సంఘమునకు ప్రక్కన పరపతి సంఘము కూడ బలముగా నుండవలెను. ఆ కాలమున రైఫైజన్ చెప్పినది ఆ రెండవ కాలిని గూర్చియే.

1889 చట్టము వచ్చువఱకు జర్మనీలో సహకార సంఘముల సభ్యులకు అపరిమిత బాధ్యత యుండెడిది. సంఘము మునిగినచో సభ్యుని యిల్లుకూడ మునుగును. మన 1904 చట్టముక్రింది గ్రామసంఘములకును అట్టి బాధ్యతయే. ఆ భయము సభ్యులను సమావేశములకు రప్పించెడిది, లెక్కలు అడిగించెడిది. నేడు భయము పోయినది, దానితో అడుగుటయు కొంత పోయినది. 1912 చట్టము పరపతికే గాక అమ్మకము మొదలగువానికిని సంఘములు పెట్టుకొన వీలు కల్పించినది. 1995లో ఆంధ్రప్రదేశమున వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము ప్రభుత్వ జోక్యము తక్కువగా సభ్యులే నడపుకొను త్రోవను చూపినది. చట్టము కొఱత యని చెప్పుటకు ఇక వీలులేదు.

మన నేలలో ద్రాక్ష వేయుమని ఎవరును భావింపకుందురుగాక. ష్పేట్‌బుర్గుండర్‌కు చలికాలపు నిద్ర కావలెను. మన ఉక్కపోతలో తీగ నిద్రింపదు, బూజు విడువదు. కాని తెనాలి విపణికి వచ్చు నిమ్మకాయ కోసిన ద్రాక్షవంటిదే, ఎక్కువ దినములు నిలువ నేరదు. కొల్లూరు లంకలలోని అరటిగెలయు అట్టిదే. దుగ్గిరాల యార్డుకు పోవు పసుపు వండి యెండబెట్టిన తరువాత ఆసవమువంటిది, నిలువచేసికొనవచ్చును. అయినను అది ఏ రైతు చేతులలో ఎన్ని నెలలు నిలుచుచున్నది? బాపట్లలో జీడిమామిడి పరిశోధనాస్థానము గలదు, గింజ పండించు రైతులు గలరు. గింజ కాల్చి, ఒలిచి, పప్పుగా అమ్మినప్పుడు వచ్చు అంతరువు ఎవరికి పోవుచున్నదో లెక్క చూచుకొనవలెను. తాటిబెల్లము మాటయు అట్టిదే. ఊరి పేరునకు ధర యున్నదనుటకు దూరము పోనక్కరలేదు. గుంటూరు సన్నపు మిరపకు భౌగోళిక గుర్తింపు చట్టముక్రింద రక్షణ దొరకినది గదా.

ఊరి పేరు ఎంతవఱకు అక్కరకు వచ్చునో ఆర్ లోయవారికి 2021లో తెలియవచ్చినది. ఆ యేడు జులై 14వ తేది రాత్రి కుండపోతగా వాన కురిసి ఆ చిన్న యేఱు లోయనంతటిని ముంచివేసినది. 1804లోను 1910లోను పెద్దవరదలు వచ్చినను అంతటి నీటిని చూచిన ప్రాణి ఎవరును లేరు. నూటముప్పది మందికి మించి చనిపోయిరి. వంతెనలు, రైలుదారి కొట్టుకొనిపోయినవి. మైషోస్ పల్లెకు దారియే లేకపోయెను. కొండలపై తోటలు చాలవఱకు మిగిలినవి. ఏటియొడ్డున నున్న మడులు, నేలమాళిగలు, పీపాలు, యంత్రములు, సీసాలు బురదలో మునిగినవి. మైషోస్ సంఘపు మాళిగయు వానిలో నొకటి.

1977 నవంబరు 19వ తేది ఉప్పెనను చూచిన రేపల్లె తీరమువారికి ఆ రాత్రి యెట్టిదో చెప్పనక్కరలేదు. 2024 సెప్టెంబరు మొదట ప్రకాశం బారేజినుండి పదునొకండు లక్షల క్యూసెక్కులకు మించిన నీరు విడువగా కొల్లూరు, రేపల్లె వైపు లంకలలో అరటి, పసుపు, కంద నీటిపాలైనవి. నీరు తీసిన తరువాత రైతు గట్టుమీద నిలిచి చూచినది కుళ్లిన మొక్కనే. ఆర్ లోయ రైతు చూచినది బురదపట్టిన సీసాలను. లోపలి ఆసవము చెడలేదు, బిరడా బిగువుగా నున్నది. కాని పైచీటీలు పోయినవి, కడిగి క్రొత్త చీటీలు అంటించు వ్యవధియు లేదు, మనుష్యులును లేరు.

అప్పుడు కొందఱు ఆ సీసాలను కడుగక, బురదతోనే, "వరద ఆసవము" అని పేరుపెట్టి సహాయనిధికై అమ్మజూపిరి. జర్మనీ నలుమూలలనుండి జనులు కొనిరి. నలుబది లక్షల యూరోలకు మించి, అనగా నాటి లెక్కను ముప్పదియైదు కోట్ల రూపాయలకు తక్కువ కాని సొమ్ము, కొలది వారములలో పోగైనది. ఆ సొమ్మును ద్రాక్షరైతుల పునర్నిర్మాణమునకు, అతిథిశాలలకు పంచిరి. ఇతర ద్రాక్షసీమల రైతులు తమ పనులు విడిచి, ట్రాక్టర్లతో పంపులతో వచ్చి, బురద తోడిరి. తీగలకు మందు చల్లవలసిన అదనున యజమానులు ఇండ్లు తవ్వుకొనుచుండగా వచ్చినవారే కొండలెక్కి ఆ పని చేసిరి. యంత్రములు పోయినవారికి యంత్రములను, పీపాలు పోయినవారికి పీపాలను అరువిచ్చిరి. ఆ శరదృతువున కోత జరిగినది. ఆ సీసాలను కొన్నవారిలో చాలమంది వానిని నేటికిని తెఱవక, బురద తుడువక, ఇండ్లలో నుంచుకొన్నారట.